అంపైరు చెవికి బీమా

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే చెంబులోకి తొంగి చూసే మనిషిని నేను. బళ్ళో పిల్లలందరూ ఒక్కసారిగా బుద్ధిగా కూర్చుంటే నాకు చెమటలు పడతాయి. ఈ గుణం వల్ల నేను పోగొట్టుకున్నది తక్కువ, కాపాడుకున్నది ఎక్కువ. అందుకే ఒక బీమా ఏజెంటు మా గుమ్మం ముందు నిలబడి, మీ ఆయన కళ్ళకూ చెవులకూ కాళ్ళకూ చేతులకూ బీమా రాస్తానమ్మా అన్నప్పుడు తలుపు సగమే తీశాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారింది. ఏ కాగితం ఏ ఊరికి పంపాలో కచేరీ వాళ్ళకే తెలియని కాలం. నేను ఆడపిల్లల బడిలో టీచరును. మా ఆయన పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. పత్తి నింపిన బోరాలు కాటాకెక్కించి హమాలీ తూకం కేకేస్తే, అది విని రాసుకోవడం ఆయన పని. ఆదివారమైతే ఆయన ఇంట్లో ఉండడు. ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో, కౌతాళం పక్కనో ఎక్కడ చెడుగుడు పందెం జరిగినా అంపైరు ఆయనే. దానికి కూలీ లేదు, జీతం లేదు. బస్సు చార్జీ కూడా మాదే. ఒక గ్లాసు టీ, రెండు చప్పట్లు, అంతే. ఏమొస్తుందని పోతారు అని అడిగితే, "కూత ఇనడానికి పోతాను" అనేవాడు.

నిజానికి చెడుగుడులో అంపైరుకు కళ్ళకన్నా చెవులే ముఖ్యమట. ఎవరు ఎవరిని తాకారో అందరికీ కనిపిస్తుంది. అవతలి బరిలోకి పోయినవాడు ఒకే ఊపిరితో కూత పెట్టాడా, మధ్యలో దొంగతనంగా గాలి పీల్చాడా అనేది వినాల్సిన విషయం. జనం అరుపుల్లో, ఈలల్లో, దుమ్ములో ఆ చిన్న చప్పుడు మా ఆయనకు వినపడేది. నేను వంటింట్లో మెల్లగా గొణుక్కున్నవి కూడా వినపడేవి కాబట్టి, ఆ సంగతి నేను నమ్ముతాను.

అంతకు ముందటేడు ఒక పందెంలో జనం మీదపడి ఒక అంపైరు భుజం విరగ్గొట్టారు. ఆ తర్వాత ఈల పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆదోని, ఎమ్మిగనూరు రెండూళ్ళ ఆటల కమిటీ కూర్చుని, సరే, అంపైర్లకు బీమా చేయిద్దాం అనుకుంది. ఆ పని మీద వచ్చాడు ఈ ఏజెంటు. పత్తి బజారులో వ్యాపారుల వెంట తిరిగే మనిషి. ఎండాకాలంలో కూడా కోటు వేసుకునేవాడు.

"దెబ్బ తగల్దని మీ కంపెనీకి నమ్మకముంటే మాకెందుకు రాస్తాదప్పా? తగుల్తాదని తెలిస్తే అసలే ఎందుకు రాస్తాది?" అని అడిగాను.

"తగలొచ్చు, తగలకపోవొచ్చు గదమ్మా."

"అయితే దేవరగట్టు దసరాకు కర్రలు పట్టుకోని తలలు పగలగొట్టుకునేవాళ్ళకు గూడా రాయి."

ఏజెంటు కడుపుబ్బ నవ్వాడు. "వాళ్ళకు రాస్తే కంపెనీ ఒక్క పొద్దులో మునిగిపోతాదమ్మా!"

ఆ నవ్వులో కపటం కనపడలేదు కాబట్టి మిగతా సగం తలుపు కూడా తీశాను. పోయేముందు ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాడు. ఆటలో తగిలిన దెబ్బకే కంపెనీ డబ్బిస్తుంది, ముందునుంచీ ఉన్న జబ్బుకు ఇవ్వదు, ఆట నాటికి మనిషి నిక్షేపంగా ఉండాలి. మా ఆయన రొమ్ము చరుచుకుని, "నాకేం రోగమప్పా, గుండ్రాయి మాదిరి ఉండాను" అన్నాడు.

ఏజెంటు వీధి మలుపు తిరగకముందే పక్కింటి ముసలామె గోడ మీదనుంచి తల పెట్టింది. వీధంతా ఆమెను నానీ అనే పిలిచేది. ఆమె ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, మాతో మాట్లాడేది మా తెలుగు, కోపమొస్తే రెండూ.

"ఎవురమ్మా ఆ కోటాయన? డాక్టరా?"

"కాదు నానీ, మా ఆయనకు బీమా రాసినాడు" అన్నాను, పొయ్యి మీద పప్పు పొంగుతుంటే లోపలికి పరిగెత్తుతూ.

ఆమె చెవి "బీమారా" దగ్గరే ఆగిపోయింది. ఉర్దూలో బీమార్ అంటే జబ్బుపడ్డ మనిషి. "బీమారా! యా అల్లా!" అని ఆమె అనడం నాకు వినపడింది గానీ, పప్పు తొందరలో పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున గిన్నెడు జావ వచ్చింది. ఆ మర్నాడు దర్గా నుంచి తాయెత్తు వచ్చింది. రోగం కాదు నానీ, బీమా, దెబ్బ తగిలితే కంపెనీ ఇచ్చేది అని నెమ్మదిగా చెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "మొగునికి రోగమొస్తే యా ఆడది ఒప్పుకుంటాది బేటీ" అని కళ్ళు తుడుచుకుంది. నా అనుమానాన్ని మించిన అనుమానం అది. మా ఆయన నవ్వుతూ చెయ్యి చాపితే ఆమే దండచేతికి తాయెత్తు కట్టింది. "ముసలామె ప్రేమ. కట్టుకుంటే నాకేం పోయింది?" అన్నాడు ఆమె వెళ్ళాక. అప్పట్నుంచి వీధిలో వాళ్ళు ఆయన్ను చూసి, "ఇప్పుడెట్లుందన్నా?" అని జాలిగా అడగడం, మేమిద్దరం ఇంట్లోకి వచ్చి నవ్వుకోవడం. ఆ నవ్వు మాకు ఎంత చేటు తెస్తుందో అప్పుడు తెలియలేదు.

ఆ ఏటి పందేల్లో ఆఖరిది ఎమ్మిగనూరులో. ఆదోని జట్టుకూ ఎమ్మిగనూరు జట్టుకూ. నేను పోలేదు. బస్సులో వచ్చినవాళ్ళు చెప్పగా విన్నదే చెబుతున్నాను. ఎమ్మిగనూరు జట్టు నాయకుడు మగ్గం నేసే మనిషి. సన్నగా బెత్తంలా ఉంటాడు గానీ, రెండూళ్ళలోనూ అంత పొడుగు కూత ఎవరికీ లేదు. ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. ఆట మొదలుకాకముందు, మగ్గం మీదనుంచి అప్పుడే కోసిన తువ్వాలను అంపైరు భుజాన వేస్తారు. ఆ రోజు కూడా ఆ నాయకుడే తన చేత్తో మా ఆయనకు తువ్వాల కప్పాడు.

ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. నాయకుడు కూతకు పోయాడు. ఒకణ్ణి తాకాడు, వెనక్కు దూకాడు, గీత దాటాడు. ఊరంతా లేచి గంతులేసింది. అప్పుడు మా ఆయన ఈల ఊది, కూత మధ్యలో తెగింది, తాకింది చెల్లదు, పోయినవాడు ఔటు అన్నాడు.

ఆ కూత తెగడం ఇంకెవరికీ వినపడలేదు. గెలిచిన ఆదోని వాళ్ళకే వినపడలేదు. నాయకుడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడట. జనం మాత్రం గీతలు దాటి లోపలికి వచ్చేశారు. ఆ తోపులాటలో వెనకనుంచి ఎవరో మా ఆయన ఎడమ చెవి మీద చాచి కొట్టారు. ఎవరో ఈనాటికీ తెలియదు.

ఆయన ఇంటికొచ్చేసరికి ఆ కొత్త తువ్వాల తలకు చుట్టుకుని ఉన్నాడు, చెవులు కనపడకుండా.

"ఏమైంది?"

"ఏం కాలేదు. బస్సులో చల్లగాలి."

"ఈ ఎండల్లో చల్లగాలి యాడిది?"

ఆయన పోయి పడుకున్నాడు. ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునే మనిషి ఇటువైపు తిరిగి పడుకున్నాడు. అది నేను గమనించాను.

తర్వాత రెండూళ్ళలోనూ చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఎమ్మిగనూరులో, మా తువ్వాల కప్పుకుని మా గొంతే కోశాడన్నారు. ఆదోని పత్తి వ్యాపారులకు ఈల అమ్ముకున్నాడన్నారు. ఎవరో తెలివైనవాడు లెక్క కట్టాడు కూడా. పందేనికి ముందే బీమా ఎందుకు రాయించుకున్నాడు? దెబ్బ తగులుతుందని తెలిసి. దెబ్బ తగులుతుందని ఎట్లా తెలుసు? తప్పుడు తీర్పు చెప్పాలని ముందే అనుకున్నాడు కాబట్టి. విన్నవాడల్లా అవునవును అన్నాడు. మా ఆదోనిలో ఇంకా ఘోరం. టీ అంగళ్ళ దగ్గర కన్నుగీటి, "ఊరి పరువు నిలబెట్టినావన్నా" అని భుజం తట్టేవాళ్ళు. తిట్టినవాళ్ళ కన్నా ఆ మెచ్చుకున్నవాళ్ళే ఆయన్ను ఎక్కువ కుళ్ళబొడిచారు.

అందరికీ ఆయన ఇచ్చిన జవాబు ఒకటే. "నాకు ఇనపడింది."

అంతకు మించి వాదించడు. నేనూ అడిగాను, అన్నం పెడుతూ. "నిజంగా ఇనపడిందా?" అని. ఆయన నా మొహంలోకి చూశాడు. "నాకు ఇనపడింది" అని, కంచం ముందుకు జరిపి లేచిపోయాడు. అయినా అనుమానం అనుమానమే కదా, కంచం జరిపితే పోతుందా?

పైగా మనిషి మారిపోయాడు. వీధిలో నడిస్తే నాకు కుడిపక్కన నడిచేవాడు కాస్తా ఎడమపక్కకు వచ్చాడు. నేను పిలిస్తే ఒకోసారి పలకడు. పలికినా మొహం అటు తిప్పి పలుకుతాడు. నేను మాట్లాడుతుంటే నా పెదవులే చూస్తాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మొహాన్ని అంత శ్రద్ధగా చూసింది లేదు. దీనికి తోడు పందేలు లేని ఆదివారాలు కూడా ఎమ్మిగనూరు బస్సెక్కడం. తిట్టిన ఊరికి ఏం పనుందని పోతున్నాడు? నిజంగానే ఏదో లావాదేవీ ఉందా, లేక ఇంకో ఇల్లుందా? ఒక ఆదివారం ఆయన బస్సు పోగానే తర్వాతి బస్సు నేనెక్కాను.

ఎమ్మిగనూరులో దిగి అంపైరు ఎటు పోయాడని అడిగితే, ఒకడు మొహం చిట్లించి నేతగాళ్ళ వీధి చూపించాడు. వీధంతా మగ్గాల టకటక. ఒక్క ఇంట్లో మాత్రం మగ్గం ఆగి ఉంది. దగ్గరికి పోతే లోపలినుంచి కూత వినపడింది. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు.

కిటికీ సందులోంచి చూశాను. మా ఆయన గోడవైపు తిరిగి, కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఎడమపక్కన ఆ జట్టు నాయకుడు నిలబడి కూత పెడుతున్నాడు. మధ్యలో అతని రొమ్ము ఒక్కసారి ఎగసింది. గాలి పీల్చాడు. కిటికీ బయట, అన్ని మగ్గాల చప్పుడులో ఉన్న నాకే అది వినపడింది. మా ఆయన కదల్లేదు. కూత ఇంకా చాలాసేపు సాగాక, ఏదో అనుమానపడినట్టు చెయ్యి పైకెత్తాడు.

"సరిగ్గా పట్టినావన్నా" అన్నాడు నాయకుడు. అంటూ తల వంచుకున్నాడు.

నాకు ఇంకో ఇల్లు దొరికినా బాగుండేదనిపించింది. లోపలికి పోయాను. మా ఆయన నన్ను చూసి, చెవి మీదనుంచి చెయ్యి తీసేశాడు, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దు నుంచే. తగ్గుతాదనుకున్యా. ఈయప్ప కూత ఇనపడితే యా కూతయినా ఇనపడ్తాదే. ఇప్పుడు కొంచెం ఇనపడ్తాంది గూడా."

ఇనపడ్తాందట! నాయకుడి వైపు తిరిగాను. వాకిట్లో అప్పటికే ఇరుగుపొరుగు వాళ్ళు చేరారు. "ఇప్పుడు అబద్ధం సెప్పినావు గానీ, ఆ పొద్దు సంగతి సెప్పప్పా. నీ కూత తెగిందా, లేదా?"

అతను మగ్గంలో అడ్డపోగు లాగే నాడెను తీసుకుని, దారం సరిచేస్తూ కూర్చున్నాడు. తల ఎత్తలేదు. వాకిట్లో తనవాళ్ళంతా ఉన్నారు కదా. మా ఆయనే నా చెయ్యి పట్టుకుని, "వద్దులే, పద" అన్నాడు. బస్సులో నేను ఆయనకు కుడిపక్కన కూర్చున్నాను.

బీమా సంగతి ఎత్తితే మొదట ఆయన ఒప్పుకోలేదు. చెవి పోయిందని నలుగురిలో చెబితే ఇంక ఈల ఎవరిస్తారు అన్నాడు. కానీ ఫ్యాక్టరీలో హమాలీ కేకేసిన తూకం తప్పుగా విని రాశాడు. ఒకసారి యజమాని ఊరుకున్నాడు. రెండోసారి, ఇంకోసారైతే ఇంటికి పొమ్మన్నాడు. బళ్ళారిలో చెవి డాక్టరున్నాడని విన్నాం, చూపించుకోవాలంటే కంపెనీ ఇచ్చేది తప్ప మాకు దారి లేదు. తలుపు సగమే తీసిన నేనే ఏజెంటుకు కబురు పెట్టాను.

కంపెనీ తరఫున విచారణకు ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కళ్ళద్దాలాయన. మా ఇంటికి రాకముందే వీధి చివరనుంచి ఒక్కో ఇల్లూ అడుక్కుంటూ వచ్చాడని తెలిసి, ఇతను నాలాంటి మనిషే అనుకున్నాను. అలాంటివాడు ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మా అరుగు మీద కుర్చీలో ఆయన, పక్కన ఏజెంటు. స్టూలు మీద మా ఆయన. ఎదుటి అరుగు మీద, దెబ్బ తగలడం చూశామని చెప్పడానికి కమిటీ పిలిపించిన ఎమ్మిగనూరు ఆటగాళ్ళు. వాళ్ళలో ఆ నాయకుడూ ఉన్నాడు, ఒక చివర.

"దెబ్బ తగిలిందని అందరూ చెబుతున్నారు. దాంట్లో తగాదా లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కానీ ఈ మనిషికి పందేనికి ముందునుంచే జబ్బుందని వీధి వీధంతా చెబుతోంది."

"బీమార్ ఉండె సాబ్" అంది నానీ తన గుమ్మంలోంచి, మాకు సాయం చేస్తున్నాననుకుని. "నేనే జావ కాసిచ్చినా. తాయెత్తు గూడా నేనే కట్టినా. సూడండి, ఇప్పటికీ దండకే ఉండాది."

అందరూ మా ఆయన దండచెయ్యి చూశారు. బీమాకూ బీమారుకూ మధ్య జరిగిన గోలంతా గబగబా చెప్పాను. చెబుతుంటే నాకే అది కట్టుకథలా వినపడింది.

ఇన్‌స్పెక్టరు చిన్నగా నవ్వాడు. "పెద్దామెకు మాట సరిగ్గా వినపడలేదు, అందుకని వీధంతా పొరపాటు పడింది, అంతేనా అమ్మా?"

"అంతే. ఆట నాటికి ఆయన చెవి నిక్షేపంగా ఉండాది. ఎవురికీ ఇనపడని ఊపిరి ఆయనకు ఇనపడింది. ఇంకేం రుజువు కావల్ల?"

"ఎవరికీ వినపడనిది ఈయనకు వినపడిందని ఎవరు చెప్పాలమ్మా? ఎమ్మిగనూరు అంతా కూత తెగలేదనే అంటోంది. అప్పటికే చెవుడు, అందుకే తప్పు తీర్పు చెప్పాడు, తన్నులు తిన్నాడు అని నేనంటే మీ దగ్గర జవాబుందా?"

ఇన్నాళ్ళూ అమ్ముడుపోయాడన్నారు, ఇప్పుడు చెవిటి అంపైరు అంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన మాత్రం ఇన్‌స్పెక్టరు పెదవుల వైపే చూస్తూ, "నాకు ఇనపడింది సార్" అన్నాడు.

ఎదుటి అరుగు మీద కదలిక. నాయకుడు లేచాడు. పక్కవాడు చొక్కా పట్టుకుని లాగితే విదిలించుకున్నాడు. వీధి దాటి మా అరుగెక్కి, మా ఆయన ఎడమపక్కన, కొంచెం వెనగ్గా నిలబడ్డాడు. చాలా మెల్లగా అన్నాడు.

"తెగింది సార్. ఆ పొద్దు నా కూత తెగింది. గీతకు ఇంగ రెండు అడుగులుందనంగా గాలి తీసినా. పక్కనుండేవాళ్ళకు గూడా ఇనపడ్లేదు. అన్నకు ఇనపడింది. మావాళ్ళ ముందర సెప్పడానికి నోరు రాలేదు."

ఎమ్మిగనూరు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఏజెంటు నా వైపు చూసి తలూపాడు. తర్వాత కంపెనీ డబ్బిచ్చింది, బళ్ళారి పోయాం, డాక్టరు ఏవో చుక్కలు వేశాడు, ఆ చెవి మాత్రం మళ్ళీ రాలేదు. అవన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఆ క్షణాన మా ఆయన అయోమయంగా మా అందరి మొహాలూ చూస్తున్నాడు. అందరూ ఎందుకు ఊరకైపోయారో ఆయనకు తెలియలేదు. ఆ మాట ఆయన ఎడమపక్కన పడింది.

"ఏమైందే? ఎవురన్నా ఏమన్నా అన్యారా?"

నేను ఆయన కుడిపక్కకు పోయి వంగాను. చెప్పబోయి ఆగిపోయాను. నాయకుడి వైపు చూసి, "ఈ పక్కకొచ్చి సెప్పప్పా. నువ్వే సెప్పల్ల" అన్నాను.

అతను చుట్టూ తిరిగి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మా ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి, ఈసారి వీధంతా వినేటట్టు, "తెగిందన్నా, నా కూత తెగింది" అన్నాడు.

మా ఆయన కళ్ళు మూసుకుని, ఆ మాట పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత అతని తల మీద చెయ్యి పెట్టాడు.

"ఇనపడింది లేప్పా" అన్నాడు.